అంచు తిన్న పొట్టేలు

నడిమి అర్ర గోడలకు కొట్టిన మేకులు నేనింకా పీకలేదు. గోడ చూడబుద్ధి కావడం లేదని నా పెళ్లాం లక్ష్మమ్మ ఎన్నిసార్లు అన్నదో. రేపు పీకుతానంటాను, ఆ రేపు రాదు. పోయిన ఎండాకాలం ఆ మేకులకు మా ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ వేలాడాయి. మా అవ్వ వడికిన ఉన్నితో నేసినవి, బాపు భుజం మీద మోసి మోసి ఒక పక్క అరిగిపోయినవి, అన్నీ. మా అన్న కొమురయ్య కథ చెప్పేటప్పుడు పరుచుకునే గొంగడి ఒక్కటే నేల మీద ఉంది. కిటికీకి కూడా ఒకటి కట్టారు. ఆ చీకట్లో, ఆ ఉన్ని వాసనలో కూర్చుని నా కూతురి బిడ్డ మమత, దాని స్నేహితులిద్దరు కలిసి ఒక పాటల ఆల్బమ్ తయారుచేశారు. రాక్ పాటలు. గొంగడి కడితే గోడ చప్పుడును తిరిగి కొట్టదట. పట్నంలో అయితే దానికోసం గోడలకు ఏవో మెత్తలు అతికిస్తారట. గొంగడి వానను ఆపుతుందని, చలిని ఆపుతుందని బాపు చెప్పేవాడు. చప్పుడును కూడా ఆపుతుందని ఆయనకు తెలియదు. తెలిసుంటే మా నోళ్లకే కట్టేవాడు.

మమత డ్రమ్స్ వాయిస్తుంది. ఆడపిల్ల డ్రమ్స్ వాయించడమేమిటని ఊళ్లో అడిగినవాళ్లున్నారు. మా ఇంట్లో డోలు ఎన్ని తరాల నుంచి ఉందో తెలియదు కాబట్టి అడిగారు. ఈ పిల్లలకు హైదరాబాదులో అసలు బ్యాండు వేరే ఉంది. నల్ల బట్టలు, ఇంగ్లీషు పాటలు, పోటీలు. అందులో నవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నారో ఏమో, నేను ఫోనులో చూసినంతసేపు ఒక్కరూ నవ్వలేదు. ఆ బ్యాండులోంచి మమత, గిటారు వాయించే ఫిరోజ్, రికార్డింగు చూసుకునే అఖిల్, ఈ ముగ్గురూ సెలవుల్లో సరదాకు ఇంకో చిన్న బ్యాండు పెట్టుకున్నారు. దాని పేరు మంద. నల్గొండ బస్టాండులో ఎంతకీ రాని బస్సు మీద ఒక పాట కట్టారు. హాస్టలు సాంబారు మీద ఒకటి. ఫిరోజ్ వాళ్ల అమ్మ ఫోనులో రోజూ అడిగే ప్రశ్నల మీద ఒకటి. అట్లాంటివే అన్నీ. ఇది వాళ్ల మొదటి ఆల్బమ్. పేరు 'అంచు'. అది వచ్చాక ఎవరో ఇంటర్నెట్‌లో రాశారు, సరదాగా ఉంది, గొప్పలకు పోలేదు, అసలు పని మధ్యలో మంచి ఆటవిడుపు అని. మమత సంబరంగా చదివి వినిపించింది. నాకు కోపమొచ్చింది. గొప్పలకు పోలేదన్నది బాగానే ఉంది. ఆటవిడుపు అన్న మాట దగ్గరే నాకు మండింది. ఆ మాట నేను జన్మంతా విన్నాను. ఎందుకు మండిందో చెప్పాలంటే మా బాపు దగ్గరికి పోవాలి.

మేము గొర్లు కాచుకునేవాళ్లం. పానగల్ శివారులో ఇల్లు, ఇంటికి ఆనుకుని గొర్ల దొడ్డి. బాపుకు మంద ఎంత ముఖ్యమో ఒగ్గుకథ అంత ముఖ్యం. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే మేళానికి ఆయనే పెద్ద. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, తెలిసినవాళ్లు ఓపిక పట్టాలి. ఒగ్గుకథలో చెప్పేవాడు ఒకడుంటాడు, వంతవాడు ఒకడుంటాడు, వెనక డోలు, తాళాలు ఉంటాయి. చెప్పేవాడు ఒక మాట అని ఆగుతాడు. వంతవాడు ఊఁ కొడతాడు. ఎట్లెట్ల అంటాడు, అయ్యో అంటాడు, గట్లనా అంటాడు. అప్పుడు గానీ కథ ఇంకో అడుగు వెయ్యదు. కూర్చున్న జనమందరి తరఫున అడిగేది వంతవాడే. అయినా పేపరువాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు వచ్చినప్పుడు చెప్పేవాడి ఫోటో తీసుకుని పోతారు. మా అన్న ఫోటో అచ్చయినచోట పక్కన ఒక చెవి, సగం తలపాగా కనిపిస్తాయి. అది నేను. ఇంకో అన్యాయం కూడా ఉంది. ఎవడో ఒకడు పెద్దమనిషి చెప్పిన అబద్ధానికి తలూపితే, వంత పాడాడని రాస్తారు. వంత అంటే తలూపడమా? నా ఊఁలో అనుమానం విని మా అన్న ఎన్నిసార్లు దారి సర్దుకున్నాడో ఆ రాసేవాళ్లకు ఏం తెలుసు?

ఎవరు చెప్పాలి, ఎవరు ఊఁ కొట్టాలి అన్నది బాపు మా చిన్నతనంలోనే తేల్చేశాడు. పెద్దోనికి గొంతు ఉంది, చిన్నోనికి చెవి ఉంది అన్నాడు. నన్ను అడగలేదు. అప్పట్లో పిల్లల్ని అడిగి ఎవరూ ఏదీ చేసేవాళ్లు కాదు. మా చదువు తెల్లవారి దొడ్డి ఊడ్చేటప్పుడు మొదలయ్యేది. గొర్రె పెంటికల వాసన, మంచుకు తడిసిన ఉన్ని వాసన, పొయ్యి మీద అమ్మ పెట్టిన గటుక ఉడికే వాసన, వీటన్నిటినీ మించి చింతగింజల అంబలి వాసన. గొంగడి పోగుకు బలం రావాలని చింతగింజలు దంచి, ఉడికించి, ఆ గంజి పట్టించేవాళ్లు. చిన్నప్పుడు ఆ వాసనకు ముక్కు మూసుకుని పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడన్నా తగులుతుందేమోనని ముక్కు దానికోసమే వెతుకుతుంది. అవ్వ గడప పక్కన కాళ్లు చాపుకుని ఉన్ని వడుకుతూ ఉండేది. బాపు మంద నడుమ వంగి, ఒక్కో గొర్రె డెక్క ఎత్తి చూస్తూ, కథలో ఒక ముక్క అనేవాడు. అన్న దాన్ని అందుకుని రాగం తీసేవాడు. నేను ఊఁ కొట్టాలి. కొంచెం ఆలస్యమైతే బాపు తల కూడా ఎత్తకుండా, "నీ ఊఁకు కాళ్లు నొస్తున్నయారా?" అనేవాడు. ముందే పడితే, కథ ఇంకా వాకిట్లకు రాకముందే తలుపెందుకు తీశావని అడిగేవాడు. సరిగ్గా పడితే ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడం కోసం నేను పొద్దంతా కాచుకుని ఉండేవాణ్ణి.

వంతవాడికి ఒక కట్టుబాటు ఉండేది. చెప్పేవాడు మాట దొరక్క ఆగిపోతే వంతవాడు ఆ మాట అందియ్యాలి. అందించి వెనక్కి తగ్గాలి. సందు దొరికింది కదా అని తానే కథ పట్టుకుని ముందుకు పోకూడదు. అంటే చెప్పేవాడికి ఎంత కథ వచ్చునో వంతవాడికీ అంత రావాలి, వచ్చి కూడా చెప్పకుండా ఉండాలి. మా మేనమామ ఒకాయన ఒకసారి బాపు ఆగిన చోట అందుకుని, బీరప్పను కొండెక్కించి దింపేదాకా ఆపలేదు. బాపు ఆ పూట కింద కూర్చుని ఓపికగా విన్నాడు. తర్వాత ఆయనను మేళానికి ఎప్పుడూ పిలవలేదు. పెళ్లిళ్లకు పిలిచాడు, పక్కన కూర్చోబెట్టుకుని మాంసం వడ్డించాడు, మేళానికి మాత్రం పిలవలేదు.

ఈ ఊఁ అలవాటే నా బడిని మింగింది. నల్గొండ బడిలో వేసిన కొత్తలో పంతులు అశోకుడి పాఠం చెబుతున్నాడు. అశోకుడు యుద్ధానికి బయలుదేరాడు అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఎంతోమంది చనిపోయారు అన్నాడు. అయ్యో, గట్లనా అన్నాను. ఒకరు కథ చెబుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం మా ఇంట్లో మర్యాద కాదు. పంతులు నేను వెక్కిరిస్తున్నాననుకున్నాడు. బెత్తం తీసి, ఎందుకు కొడుతున్నాడో చెబుతూ కొట్టాడు. ఆ చెప్పినదానికి కూడా ఊఁ కొట్టాను, ఇంకో రెండు పడ్డాయి. సాయంత్రం బాపు నా చేతులు చూసి, "ఇంటున్న అని చెప్పినందుకు కొట్టిండా?" అని ఒక్క మాట అడిగాడు. మర్నాటి నుంచి నేను మంద వెంట పోయాను. ఆ తర్వాత చదువు నేనే నేర్చుకున్నాను. పొట్లాలు కట్టిన కాగితాలు, గోడల మీద సినిమా బొమ్మలు, అంగడికి పోయిన రోజు నల్గొండ గ్రంథాలయంలో దొరికినంత సేపు దొరికిన పుస్తకం. వినేవాణ్ణి కొట్టే బడి ఏం బడి అని నాకు ఇప్పటికీ కోపమే. ఆ పంతులు పోయి చాలా కాలమైంది, కోపం పోలేదు.

ఇక పిట్టకథ సంగతి. మల్లన్న కథ అంటే మాటలు కాదు, పూటలకు పూటలు సాగుతుంది. దుఃఖం ఉంటుంది, యుద్ధం ఉంటుంది. జనం ఏడ్చి ఏడ్చి అలిసిపోయినప్పుడు చెప్పేవాడు పెద్దకథను ఒక పక్కన కట్టేసి, చిన్న నవ్వులాట కథ ఒకటి చెబుతాడు. అదే పిట్టకథ. దేవుడి కథ కట్టుబాటుది, తప్పు పోరాదు. పిట్టకథ మాత్రం చెప్పేవాడు ఎవరికి వారు అల్లుకునేది. అందుకే బాపు దాని విషయంలోనే మమ్మల్ని ఎక్కువ సతాయించేవాడు. ఏడ్పించడానికి దేవుడున్నాడు, నవ్వించడానికి మీరే కదరా ఉన్నది అనేవాడు. అన్న, నేను మంద వెంట గుట్టల మీద తిరుగుతూ పిట్టకథలే అల్లేవాళ్లం. అన్న చెప్పేవాడు, నేను నవ్వకుండా ఊఁ కొట్టాలి. నవ్వితే ఓడినట్టు. ఎక్కువసార్లు నేనే ఓడాను. ఆ వయసులో మాకు ఇంకో సరదా లేదు, ఇంకొకటి కావాలని కూడా తోచలేదు. ఈ పిల్లలు సెలవుల్లో చేసిన పని ఇదే కదా అని ఇప్పుడు అనిపిస్తుంది.

అన్న పిట్టకథల్లో అన్నిటికంటే జనం అడిగి చెప్పించుకున్నది చీర కథ. ఎల్లయ్య అని ఒక గొర్లకాపరి. వాడి పెళ్లాం ఎల్లవ్వ. ఊళ్లో ఆమెను ఎవరూ లెక్కచేయరు, కోడిపిల్ల కూడా ఆమె వెంట పోదు. నారాయణపేట చీర కట్టుకుంటే నలుగురు వెనక్కి తిరిగి చూస్తారని ఆమె ఆశ. ఎల్లయ్య ఒక పొట్టేలును తోలుకుని అమ్మడానికి పోతాడు. అది అమ్ముడుపోదు. ఉన్నదంతా ఊడ్చి చీర కొని, పొట్టేలును, చీరను వెంటబెట్టుకుని బస్సెక్కుతాడు. కండక్టరు పొట్టేలుకు టికెట్టు అడగడం, ఎల్లయ్య అది నిలబడే వస్తుంది కదా అనడం, ఇదంతా అన్న చేసి చూపిస్తే జనం కింద పడి నవ్వేవాళ్లు. ఎల్లయ్య కునుకు తీస్తాడు. లేచేసరికి పొట్టేలు చీర అంచు మొత్తం నమిలి మింగి ఉంటుంది. నారాయణపేట చీరకు అంచే అందం. ఎల్లయ్య ఇంటికొచ్చి, ఇప్పుడు నారాయణపేటలో అంచు లేనివే నేస్తున్నారు అని పెళ్లాం చేతిలో పెడతాడు. ఎల్లవ్వ మడత విప్పుతుంది. మొగుణ్ణి చూస్తుంది. పొట్టేలును చూస్తుంది. అక్కడ అన్న ఆగేవాడు. నేను ఊఁ కొట్టేవాణ్ణి కాదు, ఊపిరి పట్టేవాణ్ణి. అది అన్నకు, నాకు మధ్య ఒప్పందం.

మా బావ వెంకటయ్య అని ఒకాయన పాలమూరు వైపు నుంచి బొంబాయి పనులకు పోయి, వస్తూ వస్తూ టేపు రికార్డరు తెచ్చుకున్నాడు. వాళ్ల ఇంట్లో బీరప్ప పండుగకు మేము కథ చెబితే దాన్ని తెచ్చి అన్న ముందర పెట్టాడు. నేను అటు పక్కన ఉన్నాను కాబట్టి నా ఊఁ బావిలోంచి వచ్చినట్టు పడింది. పెద్దకథ పట్టుకోవాలని ఆయన ఆశ. పెద్దకథ అయిపోయే లోపే క్యాసెట్టు చివరికొచ్చింది, ఆ చివర్లో చీర కథ పడింది. అది కూడా మొత్తం పడలేదు. "గప్పుడు ఎల్లవ్వ ఏమన్నదయ్యా అంటే" అని అన్న అన్నాడు. టక్కుమని టేపు ఆగిపోయింది. ఆయన దాన్ని అన్నకే ఇచ్చేశాడు. అన్న దాన్ని ఇనుప సందుకలో పడేసి మర్చిపోయాడు. మనిషి ఉన్నప్పుడు టేపుతో పనేముంది?

తెలంగాణ వచ్చిన కొత్తలో మమ్మల్ని వేదికలకు పిలిచారు. మన భాష, మన కథ అన్నారు, శాలువాలు కప్పారు. ఇన్నాళ్లు మా మాట విని నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. అన్న కళ్లు తుడుచుకున్నాడు, అబద్ధమెందుకు, నేనూ తుడుచుకున్నాను. కానీ మైకు దగ్గర నిలబడ్డ కుర్రాడు గడియారం చూపించి, టైము లేదు పెద్దాయనా, పిట్టకథలాంటివి వదిలేయండి, అది ఆటవిడుపే కదా అన్నాడు. అన్న వదిలేశాడు. నవ్వును కోసేసి మిగిలిన కథను గౌరవించడమేమిటి? మా బాపు ఉంటే శాలువా అక్కడే మడతపెట్టి ఇచ్చేసి వచ్చేవాడు.

రెండు వానాకాలాల కింద అన్న పోయాడు. జ్వరమని పడుకున్నాడు, నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం, తిరిగి తీసుకొచ్చాం. అంతే. ఆ తర్వాత నాకు ఊఁ రాలేదు. వేరే మేళాల వాళ్లు మర్యాదగా పిలిచారు. వెళ్లి కూర్చున్నాను. చెప్పేవాడు మాట అని నా వైపు చూశాడు, నోట్లోంచి ఏమీ రాలేదు. ఇంటి దగ్గరా అంతే. లక్ష్మమ్మ ఏదో చెబుతూ చెబుతూ ఆగి, "గోడతోని మాట్లాడుతున్ననా?" అనేది. వినడం లేదని కాదు, వింటున్నాను. విన్నానని చెప్పే దారి మూసుకుపోయింది. దాన్ని జబ్బు అనుకుని బిడ్డ చెవుల డాక్టరుకు చూపించింది. చెవులు బాగానే ఉన్నాయన్నాడు. నాకు తెలుసు కదా, బాపు ఎప్పుడో చెప్పాడు.

అట్లా ఉన్నప్పుడు ఈ ముగ్గురూ దిగారు. పట్నంలో గదికి కిరాయి ఎక్కువ, పక్కింటివాళ్లు చప్పుడుకు కొట్లాటకు వస్తారు, ఇక్కడైతే గొర్లు ఏమీ అనవు అన్నది మమత. సందుకలోంచి గొంగళ్లు తీస్తుంటే దానికి క్యాసెట్టు దొరికింది. ఫిరోజ్ నల్గొండ పోయి, గడియారం సెంటరు దగ్గర ఎక్కడో పాత టేపు రికార్డరు బాగుచేయించి తెచ్చాడు. వాళ్లు నడిమి అర్రలో విన్నారు, నేను దొడ్డి దగ్గర ఉన్నాను. గొంగళ్లు ఎంత ఆపినా అన్న గొంతు నాదాకా వచ్చింది. మేత చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. గొర్రె చేతిలోంచి గుంజుకుని తిన్నది. కాసేపటికి మమత బయటికి పరుగెత్తుకొచ్చింది.

"తాతా, ఆమె ఏమన్నది?"

"ఎవలు?"

"ఎల్లవ్వ. చీర ఇప్పి చూసింది గదా. ఏమన్నది?"

"కొమురయ్య తాతనడుగు."

"తాతా, జర చెప్పు. ఫిరోజ్ అన్నం తింటలేడు."

నేను చెప్పలేదు. నేను ఊఁ కొట్టేవాణ్ణి, చెప్పేవాణ్ణి కాదన్నాను. అది వాళ్లకు అర్థం కాలేదు. ఆల్బమ్ చివరి పాటగా ఈ టేపునే పెట్టి, కింద డోలు, గిటారు కలుపుదామని వాళ్లు అనుకున్నారు. రెండు రోజులు నా వెంట తిరిగి, ఇక లాభం లేదని, టేపు ఎక్కడ తెగిందో పాటా అక్కడే ఆపేద్దామన్నాడు అఖిల్. అట్లా తెగిపోతే కొత్తగా కూడా ఉంటుందట. వాడు మంచి పిల్లవాడే, నా మీద గౌరవంతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. చెప్పడానికి అన్న లేడు. అడిగి తెలుసుకోవడానికి ఇంకెవరూ లేరు. ఎల్లవ్వ చీర విప్పి పట్టుకుని, నోరు తెరిచి, ఏ మాటా అనకుండా ఎప్పటికీ అట్లాగే నిలబడాలా? అయినా కట్టుబాటు కట్టుబాటే. మా మేనమామను బాపు ఏం చేశాడో నేను చూశాను.

లక్ష్మమ్మ అరుగు మీద గోంగూర తుంచుతున్నది. మా మాటలన్నీ విన్నది. ఆమె ఒగ్గుకథలో ఎప్పుడూ నోరు పెట్టలేదు, పెట్టమని ఎవరూ అడగలేదు. తల ఎత్తకుండానే అన్నది.

"కొమురయ్య బావ మాట మీద ఆగిండు. అందియ్యాల్సింది ఎవలు?"

నేను గోంగూర కాడ ఒకటి తీసి తుంచాను.

"ముందుకు వోతె తప్పు గని, అందిస్తె తప్పెట్లయితది? మీ బాపు గట్ల చెప్పిండా?"

బాపు అట్లా చెప్పలేదు. నేను లేచి, కాళ్లు కడుక్కుని, తలపాగా చుట్టుకుని నడిమి అర్రలోకి పోయాను.

అన్న గొంగడి మీద కూర్చోబెట్టి నా చెవులకు రెండు డొప్పలు తగిలించారు. అఖిల్ ఏవో మీటలు చూసుకుంటూ వన్, టూ, త్రీ అన్నాడు. నేను ఊఁ అన్నాను. అది ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు తెలియదు. తాతా, ఇప్పుడే కొట్టొద్దు అన్నాడు అఖిల్. దానికీ ఊఁ అన్నాను. ఫిరోజ్ గిటారు మీద పడి నవ్వాడు. తర్వాత చెవుల్లో అన్న వచ్చాడు. బస్సు ఎక్కాడు, కండక్టరుతో కొట్లాడాడు, కునుకు తీశాడు. మధ్యలో ఒకచోట, "ఏమంటవ్ చిన్నోడా?" అని నన్నే అడిగాడు. టేపులో నా ఊఁ బావిలో ఉంది కదా, ఆ ఊఁ పక్కన నేను కొత్త ఊఁ పెట్టాను. ఒక్కటీ కాళ్లు నొచ్చి పడలేదు. ఎల్లవ్వ చీర విప్పింది. నేను ఊపిరి పట్టాను. గప్పుడు ఎల్లవ్వ ఏమన్నదయ్యా అంటే, అన్నాడు అన్న. టక్.

అన్న అందుకుంటాడేమోనని నేను నిజంగానే కాసేపు చూశాను. తర్వాత అందించాను. "ఎల్లవ్వ ఏమనలేదయ్యా, ఆ చీరనే కట్టుకున్నది" అన్నాను. అని, నా నోటితో నేనే "ఊఁ" అన్నాను. నాలుక కరుచుకుని ఇంకో మాట చెప్పాను. మళ్లీ నేనే "గట్లనా" అన్నాను. ఎంత ఆపుకున్నా ఆగదు. ఒక మాట చెప్పడం, దానికి నేనే ఆశ్చర్యపోవడం. చెమట పట్టింది, ఇక లేచిపోదామనుకున్నాను. అప్పుడు డ్రమ్స్ వెనకనుంచి మమత, చాలా ఆలస్యంగా, "ఊఁ" అన్నది.

"నీ ఊఁకు కాళ్లు నొస్తున్నయా పిల్లా?" అన్నాను.

ఆ మాట కూడా ఆల్బమ్‌లో ఉంది. తీసేయమని ఎంత బతిమిలాడినా తీయలేదు. తర్వాతి మాటకు ఫిరోజ్ "అచ్ఛా, ఫిర్?" అన్నాడు. ఇంత కాలం ఇంత మంది వంతవాళ్లను విన్నాను, అంత సరిగ్గా పడ్డ వంత తక్కువ విన్నాను. బాపు ఉంటే ఏమీ అనేవాడు కాదు. ఇక నాకు తోడు దొరికింది, కథ నడిచింది. ఎల్లవ్వ అంచు లేని చీర కట్టుకుని వీధిలోకి వచ్చింది. అంచు రుచి మరిగిన పొట్టేలు చీర వాసన పట్టి ఆమె వెంట నడిచింది. పొట్టేలు వెంట మంద నడిచింది. మంద వెంట ఊరి కుక్కలు, కుక్కల వెంట పిల్లలు. కోడిపిల్ల కూడా వెంట పోని ఎల్లవ్వ వెనక ఊరికి ఊరే నడిచింది. అమ్మలక్కలు గడపల్లో నిలబడి, చీర బాగున్నది గని అంచేదే ఎల్లవ్వా అని అడిగారు. ఆమె వెనక్కి కూడా చూడకుండా అన్నది.

"అంచా? నా ఎనకనే నడుస్తాంది సూడుండ్రి."

అది అన్న మాటే. ఒక్క అక్షరం కూడా నాది కాదు. అందించాను, వెనక్కి తగ్గాను. ఆ వెంటనే మమత డ్రమ్స్ అందుకుంది. మా ఇంటి డోలు దెబ్బనే అది కొడుతున్నది. ఎప్పుడు విని నేర్చుకుందో నాకు తెలియదు. ఫిరోజ్ గిటారు మంద నడిచినట్టు నడిచింది. దొడ్డిలో గొర్లు అరిచాయి, గొంగళ్లు వాటిని ఆపలేకపోయాయి, అదీ పడింది.

అప్పటికి, ఇప్పటికి తేడా ఏమిటని నన్ను అడిగేవాళ్లుంటారు, నా వయసువాణ్ణి అది ఒక్కటే అడుగుతారు. అప్పుడు గుట్ట మీద ఇద్దరమే నవ్వుకునేవాళ్లం, ఇప్పుడు ఎవరెవరో ఎక్కడెక్కడో ఫోనులో విని నవ్వుతున్నారట. చింతగింజల వాసన పోయింది. గొంగడి నేసేవాళ్లు మా వైపు ఇప్పుడు వెతికితే గాని దొరకరు. పోయినవాటి మీద నాకున్న కోపం అట్లాగే ఉంది, దాన్ని ఎవరి కోసమూ తగ్గించుకోను. కానీ ఈ పిల్లలు నా దగ్గరికి దేవుడి కథ కోసం రాలేదు, శాలువా పట్టుకుని రాలేదు. ఎల్లవ్వ ఏమన్నదో తెలియక అన్నం మానేసి వచ్చారు. కథ చెప్పేవాడికి, ఊఁ కొట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నల్ల బట్టలు వేసుకుని నవ్వకుండా పాడే పాటలు వాళ్ల పెద్దకథ, పాడుకోనీ. ఆ పెద్దకథ మోయడానికి బలమిచ్చేది ఈ పిట్టకథేనని బాపు మాకు చెప్పినట్టు వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. అయినా తెలుసుకున్నారు. నేను వాళ్లకు ఋణపడి ఉన్నాను. పోయిన నా ఊఁను గొంగళ్ల చాటున పట్టి తెచ్చిచ్చారు.

మొన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక లక్ష్మమ్మ, నేను ఆ చివరి పాట మళ్లీ పెట్టుకున్నాం. ఎల్లవ్వ మాట అయిపోయి, డ్రమ్స్, గిటారు, గొర్లు అన్నీ ఆగిపోయాక, ఖాళీలో, ఇంకో ఊఁ ఉంది. నాదే. ఆ ఊఁ నేను అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. చెప్పే మాట ఏదీ అప్పటికి మిగలలేదు, పిల్లలు నవ్వుకుంటూ వాయిద్యాలు పక్కన పెడుతున్నారు. అయినా అది ఆలస్యం కాకుండా, ముందు పడకుండా, పడాల్సిన చోటే పడింది.

"గిది ఎవలకు కొట్టినవ్?" అని అడిగింది లక్ష్మమ్మ.

"ఎనకనే నడుస్తున్న మా అన్నకు" అన్నాను.

ఆమె ఫోను వైపు, మేకుల గోడ వైపు చూసింది. తర్వాత, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి నా మాటకు, "ఊఁ" అన్నది.